మళ్ళీ మొదటి నుంచి

పదహారేళ్ళుగా రిన్స్కె వంతెన ఎత్తుతోంది. కాలువలో తెరచాప పడవలు బారులు తీరగానే రోడ్డు మీద ఎర్రదీపాలు వెలిగిస్తుంది. అడ్డుకర్రలు దించి, కార్లవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ ఆగారని చూసుకుని, మీట నొక్కుతుంది. రోడ్డు ముక్క నిట్టనిలువుగా లేస్తుంది. పడవలు దాటాక మళ్ళీ దించుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజుకు నలభైసార్లయినా ఇదే పని. ఇన్నేళ్ళలో ఒక్క సైకిలుకు గీత పడలేదు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ కాలువల మీద అంత నెమ్మదైన చెయ్యి ఇంకోటి లేదని పడవలవాళ్ళు చెప్పుకునేవారు.

ఆ ఏడు మే నెలలో ఒక మంగళవారం, పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వెళుతోంది. పాలకేంద్రం మలుపు తిరుగుతుండగా ఒక ఆలోచన వచ్చింది. ఆఖరుసారి వంతెన దించినప్పుడు దాని కింద ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. తనే చూసింది. అయినా చిన్న తెడ్డు పడవలో ఎవరైనా మూలన ఆగి ఉంటే? తన ఆలోచనకు తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే సైకిలు వెనక్కి తిప్పింది. కాలువలో నీళ్ళున్నాయి, ఒక బాతుంది. ఇంటికి వెళ్ళి బంగాళాదుంపలు ఉడకేసింది.

జూన్‌లో వారానికి రెండు మూడుసార్లు వెనక్కి వెళ్ళింది. జులై వచ్చేసరికి రోజుకు ఐదారుసార్లు. వంగి నీళ్ళలోకి చూసేది, అటు గట్టు మీద నుంచీ ఇటు గట్టు మీద నుంచీ చూసేది. చూసి నాలుగడుగులు వేయగానే, చూసింది నిజమేనా అనిపించేది. పొద్దున్నే పేపర్లో మునిగిపోయినవాళ్ళ వార్తలు వెతికేది. ఏమీ లేకపోతే, ఇంకా శవం దొరకలేదేమో అనుకునేది.

భర్త యోరిట్ పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాడు. రోజంతా చుట్టుపక్కల డెయిరీల్లో తిరిగి వచ్చి అన్నానికి కూర్చోగానే మొదలయ్యేది.

"ఎవరూ లేరు కదా?"

"ఎవరూ లేరు."

"ఉంటే అరిచేవాళ్ళే కదా?"

"అరిచేవాళ్ళే."

"నువ్వక్కడ లేవుగా, నీకెలా తెలుసు?"

యోరిట్ చెంచా కింద పెట్టాడు. "మరి నన్నెందుకు అడుగుతున్నావే తల్లీ? వెళ్ళి ఆ బాతునడుగు."

ఇద్దరూ నవ్వారు. పావుగంట గడిచాక ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి అతను నవ్వలేదు.

ఆగస్టులో ఒక శనివారం మీట మీద వేలు పెట్టి నొక్కలేకపోయింది. గదిలోంచి బయటికి వచ్చి వంతెన మీదా కిందా చూసింది. లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చింది. అటు పద్నాలుగు పడవలు, ఇటు కిలోమీటరు పొడవున కార్లు. ముందు పడవలో ఎర్ర టోపీ ఆయన లేచి నిలబడి కేకేశాడు: "ఏమ్మా, వంతెన ఎత్తుతావా? లేకపోతే మమ్మల్ని ఇక్కడే కాపరాలు పెట్టుకోమంటావా?" వెనక పడవల్లో అందరూ పకపకా నవ్వారు. రిన్స్కె ఫోన్ తీసి పై ఆఫీసుకు చేసింది. "నా బదులు ఎవరినైనా పంపండి. నాకు చేతకావడంలేదు," అంది. అవతల ఉన్నాయన ఆమెను పదేళ్ళుగా ఎరిగినవాడు. ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాల్లో మనిషిని పంపాడు.

అలా సెప్టెంబరు మొదట్లో ఆమె డాక్టర్ పోస్తుమా ముందు కూర్చుంది. డాక్టరుకు యాభై ఏళ్ళుంటాయి. మనసు జబ్బులు చూస్తుంది. ఎదుటివాళ్ళు చెప్పింది సగంలో ఆపని మనిషి.

అంతా విని, "దీన్ని ఓసీడీ అంటాం," అంది.

"అది చేతులు కడుక్కునే జబ్బు కదండీ? చూడండి నా చేతులు." రిన్స్కె గోళ్ళలో వంతెన గ్రీజు ఇంకా వదల్లేదు.

"చేతులు కడుక్కునేవాళ్ళు కొందరు. తాళాలు చూసుకునేవాళ్ళు కొందరు. పైకి ఏమీ కనబడకుండా లోపల్లోపలే మాటలు వల్లించుకునేవాళ్ళు కొందరు. వేషం వేరైనా లోపల జరిగేది ఒకటే." డాక్టరు తన నుదురు మీద వేలు పెట్టుకుంది. "దీని వెనక మెదడులో ఒక భాగం ఉంది. ఏదో తప్పు జరిగింది, చూడు, అని హెచ్చరించడం దాని పని. మనం చూస్తాం, తప్పేమీ ఉండదు. అప్పుడు ఇంకా లోతున ఉన్న భాగాలు ఆ హెచ్చరికను ఆపేయాలి. మీలో ఆ ఆపడం సరిగ్గా జరగడంలేదు. హెచ్చరిక బయల్దేరిన చోటికే తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరుతోంది. అందుకే మీ కళ్ళు చూసినదాన్ని మీ మనసు ఒప్పుకోదు. ఇంకోలా చెప్పాలంటే, వంతెన ఉందనుకోండి..."

"వంతెన పోలిక వద్దండి. మా ఆయనా, పక్కింటావిడా, పాస్టరుగారూ, ముగ్గురూ చెప్పేశారు."

డాక్టరు గట్టిగా నవ్వింది. రిన్స్కెకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ నవ్వుతోనే.

"ఇది నేను తెచ్చిపెట్టుకున్నదేనా?"

"కాదు. మీరు బలహీనులూ కాదు, బాధ్యత లేనివారూ కాదు. కొంతమట్టుకు రక్తంలో వస్తుంది. మీ వాళ్ళలో ఇంకెవరికైనా ఉందా?"

"మా ఇంట్లోనా? లేదండీ," అంది రిన్స్కె వెంటనే.

డాక్టరు రాసిన మందు పేరు సెర్ట్రలిన్. సెరటోనిన్ అని మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం ఒకటుందని, కణాలు దాన్ని గబగబా వెనక్కి పీల్చేసుకోకుండా ఈ మాత్ర ఆపుతుందని చెప్పింది. "అంతవరకు మాకు ఖాయంగా తెలుసు. దానివల్ల ఈ తిరుగుడు ఎందుకు నెమ్మదిస్తుందో, అందుకు అన్ని వారాలు ఎందుకు పడుతుందో పూర్తిగా తెలియదు."

"తెలియకుండానే ఇస్తారా?"

"పనిచేస్తుందని తెలుసు. పదిమందిలో అయిదారుగురికి బాగా గుణం కనిపిస్తుంది. దిగులు జబ్బుకిచ్చే మోతాదు దీనికి చాలా మందికి సరిపోదు, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పది పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. మొదటి రెండు వారాలు మాత్రం నన్ను తిట్టుకుంటారు. ఇంకో మాట. మందొక్కటే చాలదు. ఒక్కసారి చూసి వెనక్కి తిరిగి వచ్చేయడం మా థెరపిస్టు దగ్గర అభ్యాసం చెయ్యాలి. మీ ఆయన మీ ప్రశ్నకు జవాబు చెప్పడం మానెయ్యాలి. ఆయన 'లేరు' అన్న ప్రతిసారీ ఆ జబ్బుకు ముద్ద పెడుతున్నట్టే."

మొదటి రెండు వారాలు రిన్స్కె డాక్టరును నిజంగానే తిట్టుకుంది. కడుపులో తిప్పేది. ఆవులింతల మీద ఆవులింతలు వచ్చేవి గానీ నిద్ర పట్టేది కాదు. భయం తగ్గకపోగా పెరిగింది. ఆమె ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా యోరిట్ ఈల వేసేవాడు. జవాబు చెప్పకుండా ఉండడానికి అతనికి దొరికిన ఉపాయం అదే. ఒకరోజు కోపం పట్టలేక తుడుచుకునే గుడ్డ అతని మొహాన కొట్టింది. అతను గుడ్డ తీసి భుజాన వేసుకుని ఈల కొనసాగించాడు.

అయిదో వారంలో ఒక ఆదివారం మేనత్త బౌక్యె ఇంటికి కాఫీకి వెళ్ళింది. బౌక్యెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది. ఊళ్ళో ఆమెకున్నంత భక్తి ఇంకెవరికీ లేదని పేరు. భోజనం ముందు ఆమె ప్రార్థన ముగిసేసరికి బంగాళాదుంపలు చల్లారిపోయేవి. చిన్నప్పుడు రిన్స్కె, తమ్ముడూ బల్ల కింద కాళ్ళతో తన్నుకుంటూ ఆ ప్రార్థన ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్ళు.

ఆరోజు కాఫీ కప్పులు తెస్తానని వెళ్ళిన అత్త ఎంతకీ రాలేదు. రిన్స్కె వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. బౌక్యె బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి. మొహం నొప్పి కలిగినట్టు ముడుచుకుంది. తల అడ్డంగా ఊపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే చోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచి.

ఆ మొహం రిన్స్కెకు తెలుసు. ఆగస్టులో వంతెన గది అద్దంలో కనబడిన తన మొహం అది. ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూనే ఉంది, భక్తి అనుకుంటూ.

"ఎన్నోసారి అత్తా?"

బౌక్యె కళ్ళు తెరిచింది. "ఏమిటి ఎన్నోసారి?"

"ప్రార్థన."

బల్ల అంచు వదిలి చేతులు తుడుచుకుంది. తర్వాత, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మెల్లగా, "పదకొండు," అంది.

రిన్స్కె ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆరోజుల్లో ఆమెకు తన సంగతి తప్ప ఇంకోటి తోచేది కాదు. డాక్టరు చెప్పిందంతా, నుదుటి వెనక భాగమూ, తిరుగుడూ, రక్తంలో రావడమూ, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. బౌక్యె వింటూ కప్పులు ఒక్కొక్కటే అలమరలో పెట్టేసింది.

"అంటే నాది రోగమంటావు."

"అలా కాదత్తా..."

"అరవై ఏళ్ళుగా ఆయన ముందు తల వంచుతున్నానే, అదంతా రోగమేనా? నీకు మాత్ర ఇచ్చారని ఊరందరికీ రోగం అంటగడతావా? లే. వెళ్ళు. కాఫీ లేదు."

రిన్స్కె వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్ చేస్తే బౌక్యె ఎత్తలేదు.

మాత్రల మోతాదు పెరిగింది. అక్టోబరు గడిచింది. థెరపిస్టుతో కలిసి వంతెన దాకా వెళ్ళి, ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి నడిచేది. ఆ నడక మొదట్లో నిప్పుల మీద నడిచినట్టుండేది. మార్పు ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. పదకొండో వారంలో ఒకరోజు, వంతెన దగ్గరి నుంచి వస్తూ పాలకేంద్రం మలుపు దాటి, రొట్టెల షాపు దాటి, ఇంటి తలుపు తీస్తుండగా గుర్తొచ్చింది, తను వెనక్కి తిరగలేదని. ఆలోచన రాకపోలేదు. వచ్చింది. కాని పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు వచ్చింది. విన్నది, నడిచింది. ఆ సంగతి యోరిట్‌కు చెప్పింది. అతను ఈల వేయబోయి ఆగి, "ఏమన్నావు?" అని అడిగాడు. రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆ వారమే బౌక్యె తనంతట తను వచ్చింది. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. యోరిట్ ఆమె మొహం చూసి, గొడ్లచావిడిలో పనుందని బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళకు గొడ్లచావిడి లేదు.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు," అంది బౌక్యె, నేల చూస్తూ, "చర్చిలో ప్రార్థన మధ్యలో ఒక మాట వచ్చింది మనసులోకి. ఆయన గురించి. పాడు మాట. నేను తలచుకున్నది కాదే అమ్మాయ్, అదే వచ్చింది. ప్రార్థన చెడిపోయింది కదా, మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ వచ్చింది. ఆ మాట రాకుండా చివరిదాకా వెళితేనే లెక్క. అప్పట్నించీ అంతే."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? బౌక్యె నోట్లో దేవుడి మీద బూతులు తిరుగుతున్నాయనా?" కోటు అంచు సర్దుకుంది. "వీబె అడిగాడు నన్ను, పెళ్ళి చేసుకుంటావా అని. సరుకు పడవ ఉండేది వాళ్ళకి. నేనెక్కితే ఆ మాటలకి శిక్ష ఆ పడవ మీద పడుతుందనుకున్నాను. నువ్వంటే నాకిష్టం లేదని చెప్పాను. నమ్మాడు."

రిన్స్కె కాఫీ కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టింది. క్రితంసారి ఎక్కువ మాట్లాడిన సంగతి ఆమెకు గుర్తుంది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అంది బౌక్యె. "ఆ మాత్ర వేసుకుంటే, ఆ మాటతో పాటు దేవుడు కూడా పోతాడా?"

"నాకు తెలియదత్తా. డాక్టరుగారిని అడుగుదాం."

అడిగారు. డాక్టర్ పోస్తుమా కలం కింద పెట్టింది.

"దేవుడి గురించి చెప్పేంత చదువు నాకు లేదండీ బౌక్యె గారూ. నా దగ్గరికొచ్చిన భక్తులెవరూ మాత్ర వల్ల ఆయన్ని పోగొట్టుకున్నామని చెప్పలేదు. భయం తగ్గిందన్నారు. భయం తగ్గాక ఏం మిగిలిందన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంది."

"అయితే నా భక్తిలో భయమెంతో, తక్కినదెంతో ఇప్పుడు తేలుతుందన్నమాట."

"తేలొచ్చు."

"ఈ వయసులో పరీక్ష పెట్టావమ్మా నాకు," అంది బౌక్యె. కాని చీటీ తీసుకుని సంచీలో పెట్టుకుంది.

వయసు చూసి డాక్టరు సగం మోతాదుతో మొదలుపెట్టింది. అయినా మూడో వారంలో రిన్స్కె వెళ్ళేసరికి బౌక్యె వంటింటి నేల మీద కూర్చుని ఉంది. ఆరోజు ఏ వారమో చెప్పలేకపోయింది. రక్తం పరీక్ష చేస్తే ఉప్పు బాగా తగ్గిపోయిందని తేలింది. పెద్దవాళ్ళలో ఈ మాత్ర అలా చేస్తుందట. రక్తపోటుకు ఆమె వేసుకునే, ఒంట్లో నీరు లాగేసే నీళ్ళ మాత్ర కూడా దానికి తోడైంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. రిన్స్కె మంచం పక్కన కూర్చుని, ఇదంతా తన వల్లనే అనుకుంది. అది ఓసీడీ ఆలోచనో, మామూలు బాధో విడదీయడం ఆమెకు చేతకాలేదు.

"మానేద్దాం అత్తా," అంది.

బౌక్యె దిండు మీద తల తిప్పింది. "ఎవరు మానేది? ఇంతదూరం వచ్చాక?" గొంతు నీరసంగా ఉంది గానీ మాటలో నీరసం లేదు. "ఆ నీళ్ళ మాత్ర మార్చమను. ఇది మళ్ళీ మెల్లగా మొదలుపెడతాను."

డాక్టరు రక్తపోటు మాత్ర మార్పించింది. ఉప్పు మామూలుకు వచ్చాక, వారం వారం రక్తం పరీక్ష చేయిస్తూ మళ్ళీ మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో రిన్స్కె వంతెన పనిలోకి తిరిగి వెళ్ళింది. ఒక్కసారి చూసేది, నొక్కేది. మే నెలలో ఒకరోజు ఉండబట్టలేక వెనక్కి వెళ్ళి నీళ్ళలోకి చూసింది. డాక్టరుకు చెప్తే, "ఒక్కసారేగా," అంది ఆవిడ. మాత్ర ఎప్పుడు మానొచ్చని అడిగితే, కనీసం ఇంకో ఏడాది ఆగి చూద్దామంది. త్వరగా మానేసిన వాళ్ళలో చాలామందికి అది మళ్ళీ వస్తుందట. రిన్స్కె ఆ మాటకు బాధపడలేదు. రోజూ పొద్దున కాఫీతో పాటు మాత్ర వేసుకోవడం అలవాటైపోయింది.

బౌక్యె ప్రార్థన పదకొండు నుంచి ఏడుకు, ఏడు నుంచి మూడుకు వచ్చింది. కొన్ని రోజులు ఒక్కటే. ఆ మాట పూర్తిగా పోలేదు గానీ, వచ్చినా దాన్ని దాటి ముందుకు వెళ్ళగలుగుతోంది. దేవుడు పోలేదు. అయితే ఆమె అనుకున్నట్టు దగ్గరికీ రాలేదు. "ముందున్నంత దూరంలోనే ఉన్నాడు. గొడవ మాత్రం తగ్గింది," అంది ఒకసారి. ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఆమెకు రోజు పొడవైపోయింది. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం గంటన్నర, ప్రార్థనలు తినేసిన సమయమంతా ఖాళీ అయింది. ఏం చేయాలో తెలియక, ఉతికిన తెరలే మళ్ళీ ఉతికింది. ఉత్తినే ఏడ్చేది.

జూన్‌లో, "నన్ను దీవికి తీసుకెళ్ళవే," అంది. ఫెర్రీ ఎక్కితే రెండు గంటల దూరం. పుట్టి డెబ్భై తొమ్మిదేళ్ళైనా ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు.

రేవు దగ్గర చిన్న హోటల్లో బయట బల్ల దగ్గర కూర్చున్నారు. గాలికి గొడుగులు టపటపలాడుతున్నాయి. వేయించిన చేపలు చెప్పారు.

"వీబె పోయి తొమ్మిదేళ్ళయింది," అంది బౌక్యె. "చావుకి వెళ్ళాను. వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది. మంచి మనిషి."

"అత్తా..."

"జాలిపడకు. నాకు కోపమొస్తోంది. ఎవరి మీద చూపించాలో తెలియడంలేదు. దేవుడి మీద కోప్పడదామంటే, ఆయనేం చేశాడు పాపం, చెప్పిందే చెప్తే అన్నిసార్లూ విన్నాడు. నా బుర్ర మీద కోప్పడదామంటే అదీ నేనే." సముద్రం వైపు చూసింది. "నాకు పందొమ్మిదేళ్ళప్పుడే మీ డాక్టరమ్మ ఉండి ఉంటే!"

"అప్పటికి ఈ మందే లేదత్తా."

"లేదా?" బౌక్యె తల తిప్పింది. "ఎప్పుడొచ్చింది?"

"ఇది నేను పుట్టాకే వచ్చింది."

బౌక్యె వేళ్ళు మడిచి ఏదో లెక్కకట్టింది. "అప్పటికి వీబెకి ముగ్గురు పిల్లలు," అంది. ఆ లెక్క ఆమెకు ఏదో కొంచెం సాయం చేసినట్టే ఉంది. భుజాలు దిగాయి. "సరేలే. అయితే ఎటూ అయ్యేది కాదు."

రిన్స్కెకు, మందు వచ్చాక కూడా పోయిన ఆ ముప్ఫై ఏళ్ళ మాటేమిటని నోటిదాకా వచ్చింది. అనలేదు. అత్తకు ఆ లెక్క తెలియక కాదు.

చేపలు తిన్నారు. అత్త ఒక ముక్క కూడా వదలలేదు. తర్వాత ఇసుకలోకి నడిచారు. బౌక్యె గట్టు మీద కూర్చుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, మేజోళ్ళు విప్పేసింది. పాదాలు తెల్లగా, బడికెళ్ళే పిల్ల పాదాల్లా ఉన్నాయి. రిన్స్కె చెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా నడిచింది.

"అబ్బో, మంచు ముద్దలా ఉన్నాయే!"

"వెనక్కి పోదామా?"

"ఉండవే. ఇప్పుడేగా వచ్చాం."

అల వచ్చి చీలమండల దాకా తడిపి వెళ్ళింది. బౌక్యె గౌను అంచు పైకెత్తి పట్టుకుని ఇంకో రెండడుగులు ముందుకు వేసింది. రేవులో నాలుగింటి ఫెర్రీ కూత వేసింది. రిన్స్కె అటు చూసింది. పరుగెడితే అందుకోవచ్చు. అత్త చెయ్యి వదల్లేదు, తనూ వదిలించుకోలేదు. ఆరున్నరకు ఇంకొకటి ఉంది.